దిమ్మిస కొట్టిన నేల

మీ సంఘం వేడుకల్లో మైకు ఎవరి చేతిలో ఉంటుంది, గరిటె ఎవరి చేతిలో ఉంటుంది? ఎప్పుడైనా గమనించారా?

నేను గమనించలేదు. సమానత్వం మీద గంటల తరబడి మాట్లాడగలిగినవాణ్ణి, కువైట్‌లో ఇరవై రెండేళ్ళు ఉద్యోగం చేసి కూడా గమనించలేదు. ఉద్యోగం చివరి చలికాలంలో రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవరు ఆ పాఠం చెప్పాడు. ఈమధ్యే గల్ఫ్‌లో అడుగుపెట్టి, సంఘాల్లో చేరి, కమిటీల్లోకి వెళ్తున్న మీకోసం ఆ సంగతి రాస్తున్నాను. పేర్లు రాయను. అందులో ఉన్నవాళ్ళు చాలామంది ఇంకా అక్కడే పనిచేసుకుంటున్నారు.

నా పని షువైఖ్‌లో. బయట జరిగే వేడుకలకు గుడారాలు, వేదికలు, దీపాలు, జనరేటర్లు అద్దెకిచ్చే కంపెనీలో భద్రతా సూపర్‌వైజర్ని. వేసవిలో మాకు పెద్దగా పని ఉండదు. ఆ ఎండలో ఎవరు బయట కూర్చుంటారు? నవంబరు దాటి గాలి చల్లబడగానే మాత్రం ఊరు ఊరంతా ఆరుబయటికి వచ్చేస్తుంది. ఎడారిలో గుడారాలు, సముద్రం పక్కన తిండి సంతలు, మైదానాల్లో పాటకచేరీలు. మలయాళీలకు ఒక శుక్రవారం, ఫిలిప్పీన్స్ వాళ్ళకు ఒక శుక్రవారం, మనకొక శుక్రవారం. అన్ని వేదికలకీ సంతకం పెట్టేది నేనే. సంతకానికి ముందు వేదిక కిందకి దూరి ఇనుప కాళ్ళు, పిన్నులు, అడ్డ కడ్డీలు తడిమి చూస్తాను. పైన ఎవరు ఆడుతున్నారో చాలాసార్లు నాకు తెలిసేది కాదు. నేను విన్నవన్నీ పాదాల చప్పుళ్ళే.

డ్రైవరు బృందాన్ని కూడా ముందు చప్పుడుగానే విన్నాను. ఒక శుక్రవారం పొద్దున లెక్క చూసుకోవడానికి గోడౌనుకు వెళ్తే వెనక నుంచి గజ్జెల మోత. పద్నాలుగు మంది మగవాళ్ళు, చేతుల్లో చెక్కలు, నడుముకి తువ్వాళ్ళు. అందులో ఇద్దరు మా కంపెనీ వాళ్ళే, ఒక వెల్డరు, ఒక లోడరు. మిగిలినవాళ్ళు గ్యారేజీల్లో, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, అందరూ కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ళు. మధ్యలో నిలబడి పాట అందిస్తున్నవాడు సల్వాలో ఒక ఇంటి డ్రైవరు. యాభై దాటిన మనిషి. అతన్ని అందరూ గురువు అనే పిలిచేవాళ్ళు.

చెక్కభజన అని తెలియగానే నేను ముఖం చిట్లించాను. నా చదువు అలాంటిది. మా ఊరి గ్రంథాలయం మెట్ల మీద వాదనలు విని పెరిగినవాణ్ణి. భజన అంటే చాలు, నా నోట్లోంచి ఉపన్యాసం దానంతట అదే వచ్చేస్తుంది. ఆ రోజూ వచ్చింది. మూఢభక్తి, శ్రమజీవుల నిద్ర, అన్నీ చెప్పాను. వాళ్ళు మర్యాదగా విన్నారు. గురువు చెమట తుడుచుకుని నవ్వాడు.

"పాట దేవునిదే సార్, కాదనను. అడుగు మాత్రం మాది. మీకు దేవుడు వద్దంటే చెవులు మూసుకోని కాళ్ళు చూడండి."

లోడరు అందుకున్నాడు. "చెవులు మూసుకుంటే తాళమెట్ల తెలుస్తాది గురువా? పాపం, సార్‌కి సగం ఆటే దక్కుతాది."

చెవులు మూసుకోలేదు గానీ కాళ్ళు చూశాను. పద్నాలుగు మంది, ఇరవై ఎనిమిది పాదాలు, ఒక్క చప్పుడు. నాలుగు దెబ్బల అడుగులోంచి ఏడుకి, ఏడులోంచి మళ్ళీ నాలుగుకి, ఎవరూ నోటితో లెక్కపెట్టకుండా మారిపోతున్నారు. వారమంతా టైర్లు విప్పే చేతులవి, బస్తాలు మోసే నడుములవి. అంత లెక్క ఆ ఒళ్ళలో ఎక్కడ దాగుందో! అప్పటి నుంచి ప్రతి శుక్రవారం లెక్క చూసుకునే వంకతో గోడౌనుకు వెళ్ళాను. నాస్తికుడొచ్చాడు, కుర్చీ వెయ్యండ్రా అనేవాళ్ళు. వేసేవాళ్ళు కూడా.

గురువు భార్య కూడా సల్వాలోనే వేరే ఇంట్లో పనిమనిషి. ఇద్దరి ఇళ్ళకీ మధ్య నాలుగు వీధులు. పెళ్ళైన నెలకి ఆయన కువైట్ వచ్చాడు. ఆమె ఆరేళ్ళ తర్వాత వచ్చింది. అప్పటివరకు ఆయన సెలవులు ఊళ్ళో భజన రోజులకి కలవలేదు. ఇద్దరి యజమానులూ ఒకేసారి సెలవు ఎప్పుడూ ఇవ్వలేదు. ఆయన ఊళ్ళో ఆడినప్పుడు ఆమె కువైట్‌లో ఉండేది. ఇక్కడ ఆడినప్పుడు ఆమెకి శుక్రవారం దొరికేది కాదు. పాతికేళ్ళ కాపురంలో భర్త ఆట ఒక్కసారీ చూడలేదు. ఆ చలికాలం తర్వాత ఆయన తన నివాస అనుమతి, ఇఖామా, రద్దు చేసుకుని ఖలాస్, ఊరికి వెళ్ళిపోతున్నాడు. అందుకే మన తెలుగు సంఘం చలికాలపు సంతలో ఆడాలని ఆయనకి అంత ఆరాటం. ఆమె మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఆ రోజు సాయంత్రం నాలుగింటి వరకు సెలవిచ్చింది. సంతకి సంగటి చేసుకోమని, మాంసం అన్నం మచ్బూస్ వండే పెద్ద గిన్నె కూడా ఇచ్చింది. షరతు ఒక్కటే. రాత్రికి ఇంటి మగవాళ్ళు అతిథుల్ని కూర్చోబెట్టే దీవానియాలో విందుంది, నాలుగింటికల్లా మనిషీ గిన్నే రెండూ ఇంట్లో ఉండాలి.

ఇక నా ఘనకార్యం వినండి.

సంఘం కమిటీలో నేనూ సభ్యుణ్ణి. కార్యదర్శి హైదరాబాదు ఇంజనీరు, చురుకైన మనిషి, చెడ్డవాడు కాదు. అధ్యక్షుడు విజయవాడ డాక్టరు. వేదిక మా కంపెనీదే కాబట్టి భద్రత గురించి ఒక కాగితం రాసిమ్మన్నారు. రాసిచ్చాను. 'ఈ వేదిక మీద గుంపుగా ఒకే తాళానికి ఎగరడం, తొక్కడం చేయరాదు.' అది నిజం. వంద మంది విడివిడిగా నిలబడే బరువు వేరు, పద్నాలుగు మంది ఒకే క్షణంలో కాలు దించే దెబ్బ వేరు. దెబ్బ మీద దెబ్బ తాళం తప్పకుండా పడితే వేదికే ఊగడం మొదలుపెడుతుంది. పిన్నులు కదిలిపోతాయి.

కార్యదర్శి ఆ కాగితం సమావేశంలో చదివాడు. "సో, చెక్కభజన స్టేజీ మీద కుదరదు. సార్ సైంటిఫిక్‌గ రాసిచ్చిండ్రు. వాళ్ళని గేటు దగ్గర పెడదాం. ఆరింటికి చీఫ్ గెస్ట్ వస్తరు కదా, ముందు నడుచుకుంటూ ఐదు నిమిషాలు వాయిస్తరు. బాగుంటది."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. సైన్సుకి గౌరవం దక్కిందని లోపల గర్వపడ్డాను కూడా! చేతిలో ఉన్న కార్యక్రమం కాగితం తిప్పి చూడలేదు. తిప్పి ఉంటే రెండో పేజీలో మొదటి అంశమే కనిపించేది. నలభై మంది పిల్లల బృంద నృత్యం. అదే వేదిక, అదే తాళం, ఎగరడాలూ అవే. ఆ పిల్లలు డాక్టర్ల పిల్లలు, ఇంజనీర్ల పిల్లలు.

మర్నాడు సాయంత్రం గురువు గోడౌనుకు వచ్చాడు. బండి కీలు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"మీరే రాసినారంట గదా సార్."

"అవును. నా మాట విను, అది శాస్త్రం..." అని మొదలుపెట్టాను. వేళ్ళతో బల్ల మీద కొట్టి చూపించాను.

"అంత దూరం ఎందుకు సార్? మాకు తెలీదా ఏంది? మా ఊర్లో మట్టి మిద్దెల మీద ఎవురూ ఆడరు. దూలం జారుతాది. అందుకే నేల మీదే ఆడతాం." కీలు జేబులో వేసుకున్నాడు. "మీరు రాసింది కరెట్టే. అయితే నలభై మంది పిల్లోళ్ళ దెబ్బ ఆ కాగితంలో ల్యాదా?"

"ఏ పిల్లలు?"

ఆయన నా బల్ల మీదున్న కార్యక్రమం కాగితం అందుకుని తిప్పి నా ముందు పెట్టాడు. అంతే.

కార్యదర్శికి ఫోన్ చేశాను. "వాళ్ళు చిన్న పిల్లలు సార్, ఎంత బరువుంటరు? అది వేరే," అన్నాడు. ఇంకొన్ని అడ్డ కడ్డీలు వేస్తే పెద్దవాళ్ళూ ఆడొచ్చు, పిల్లలూ ఆడొచ్చు. ఆ ఒక్క వాక్యం నేను మొదటి కాగితంలోనే రాసి ఉండాల్సింది. అప్పుడు కడ్డీలు గోడౌనులోనే ఉన్నాయి. ఈలోగా అవి ఎడారిలో వేరే గుడారాల పనికి చలికాలం అంతటికీ వెళ్ళిపోయాయి. చెయ్యకూడదని రాశాను గానీ ఎలా చెయ్యొచ్చో రాయలేదు. ఫోన్‌లో గట్టిగా పట్టుబట్టనూ లేదు. సంఘం మా కంపెనీకి పాత ఖాతాదారు. నా పదవీ విరమణ మూడు నెలల్లో ఉంది. చూద్దాం అన్నాను. దేశాలేలే మూఢత్వాన్ని ఎదిరిస్తానని చెప్పుకునే నోరు, చూద్దాం అంది.

గురువు నా ముఖం చదివేశాడు. "పోనీలే సార్. మాకు స్టేజీ వద్దు. పది బారల నేల ఇప్పించండి, తిండి అంగళ్ళకీ కుర్చీలకీ మధ్యన. నీళ్ళ ట్యాంకరు, నేల కొట్టేకి రెండు దిమ్మిసలు మీ కంపెనీవి ఇయ్యండి. ఆట మూడింటికి. గేటు కాడ ఆరింటికి మాత్రం వాయించం. ఆరింటికి నా ఇంటిది సల్వాలో గిన్నెలు కడుగుతుంటాది."

ఇప్పించాను. అది నా చేతిలో పని.

సంత అర్దియా దగ్గర ఒక ఖాళీ మైదానంలో. నేను ఉదయం ఆరున్నరకి చేరేసరికే పద్నాలుగు మంది అక్కడ ఉన్నారు. వాళ్ళ ఊళ్ళో అదొక పద్ధతి. ఆడే నేలని ఆడేవాళ్ళే సిద్ధం చేసుకోవాలి, ఇంకెవరి చేతా చేయించకూడదు. ఎందుకని అడిగాను, ఏదో దేవుడి కారణం చెబుతారని వాదనకు సిద్ధంగా. వెల్డరు నవ్వాడు. "రాయి యాడుందో కొట్టినోనికే తెలుస్తాది సార్. రేపు కాలికింద పడేది మాకే గదా." దీనితో నేనేం వాదించను? ముందు గులకరాళ్ళు ఏరారు. ఇసుకని తడిపారు, షువైఖ్ నుంచి ఎవరో తెచ్చిన బంకమన్ను చల్లారు, మళ్ళీ తడిపారు. తర్వాత దిమ్మిసలు. ఇద్దరు కొడుతుంటే మిగిలినవాళ్ళు వెనక వరసగా నడుస్తూ మడమలతో తొక్కారు. గురువు చెప్పులు విడిచి మూల మూలకీ నడిచి, ఒకచోట ఆగి, వంగి, గోరంత రాయి తీసి జేబులో వేసుకున్నాడు. ఇరవై రెండేళ్ళు వేదికలకి సంతకాలు పెట్టాను. అంత శ్రద్ధగా ఒక్కదాన్నీ చూడలేదు.

పన్నెండయ్యేసరికి మైదానం నిండింది. ఉగ్గాని బజ్జీలు ఒక పక్క, కారం దోసెలు ఒక పక్క, గోదావరి వాళ్ళ పూతరేకులు, హైదరాబాదీల బిర్యానీ. ఒక కువైటీ కుటుంబం కారం దోసె తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని మళ్ళీ వరసలో నిలబడింది. అన్నిటికన్నా పొడుగు వరస గురువు భార్య ముందు. ఆ మచ్బూస్ గిన్నెలో రాగి సంగటి. ముద్ద తడి చేతిలో తిప్పి, మధ్యలో గుంట చేసి, అందులో నాటుకోడి పులుసు పోసి ఇస్తోంది. తలెత్తే తీరిక లేదు. మధ్యమధ్య "టయిమెంత అన్నా?" అని నన్ను మాత్రం అడుగుతోంది.

రెండున్నరకి ఆడాల్సిన పిల్లలు రెండింటికి చివరిసారి సాధన చేయడానికి వేదిక ఎక్కారు. నేను అలవాటుగా కిందకి దూరాను. పాట మొదలైంది. నలభై జతల కాళ్ళు ఒక్కసారి పడ్డాయి. రెండోసారి, మూడోసారి. నాలుగోసారికి నా తల పక్కన ఒక పిన్ను సగం బయటికి వచ్చింది. ఒక ఇనుప కాలు మెత్తటి ఇసుకలో అంగుళం దిగింది. వేదిక ఊగుతోంది. ఏ శాస్త్రం గురించి గర్వపడ్డానో అది నా కళ్ళ ముందే రుజువవుతోంది.

బయటికి దొర్లి, దుమ్ము బట్టలతోనే పాట ఆపించి, పిల్లల్ని దింపించాను. వేదిక మూశానని చెప్పాను. అంతే, తల్లులు చుట్టుముట్టారు. రెండు నెలలు నేర్పించామని ఒకామె, సంప్రదాయ దుస్తులు కుట్టించామని ఇంకొకామె.

కార్యదర్శి పరిగెత్తుకొచ్చాడు. "సార్, ఇట్ల లాస్ట్ మినిట్ల అంటే ఎట్ల? మీరు చెక్కభజన వాళ్ళకే కదా రాసిండ్రు?"

"నేను పాదాలకి రాశాను. ఎవరి పాదాలకీ మినహాయింపు రాయలేదు. బరువుకి మన తన లేదు."

ఒక తల్లి ముందుకొచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకున్న సన్నటి మనిషి. అరవలేదు. "మరి మీకు ఇది ఇవాళే తెలిసిందా అండీ?"

సభల్లో నన్ను ఎందరో ప్రశ్నించారు. ఈసారి వాదించలేదు. మైకు తీసుకున్నాను. నెల ముందే తెలుసని చెప్పాను. కాగితం చెక్కభజన వాళ్ళని దింపడానికి వాడినప్పుడు తలూపాననీ, పిల్లల దగ్గరికి వచ్చేసరికి చూద్దామన్నాననీ చెప్పాను. తప్పు నాదని చెప్పి దిగాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టకపోవడమే న్యాయం.

అప్పుడే గురువు వచ్చాడు. తలపాగా చుట్టుకుని, గజ్జెలు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. గడియారం రెండున్నర చూపిస్తోంది. ఆయనకున్నది గంటన్నర.

"మేడమ్, పిల్లోళ్ళని మా నేల మీదికి తోలండి. బాగుండాది. పొద్దున్నుంచి కొట్టినాం. ఒక్క రాయి ల్యాదు, వట్టి కాళ్ళతో ఆడొచ్చు."

కార్యదర్శి తడబడ్డాడు. "మరి మీ టైమ్ మూడింటికి కదా?"

"వాళ్ళు ముందు ఆడనీ సార్. యల్లా, పొద్దు పోతాంది. పిల్లోళ్ళు ఏడిస్తే మాకు తాళం పడదు."

చూశారా? ఆ మనిషికి ఆ మధ్యాహ్నం పాతికేళ్ళ విలువైనది. దాంట్లోంచి అరగంట తీసి, తనని గేటు దగ్గరికి పంపినవాళ్ళ పిల్లలకి ఇచ్చాడు. నేను హేతువాదిని, మహాత్ములు అనే మాట నా నోట రాదు. ఇంతకన్నా పెద్ద మనసుని మాత్రం నేను చూడలేదని రాసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

అయితే ఒక చిక్కు. కుర్చీలన్నీ వేదిక వైపు తిరిగి ఉన్నాయి. ఆ నేల వాటి వెనక ఉంది. లోడరు ఒక కుర్చీ పట్టుకుని గిర్రున తిప్పాడు. పక్కనున్న తల్లి ఇంకొకటి తిప్పింది. తర్వాత అందరూ లేచారు. అయిదు నిమిషాల్లో మైదానం మొత్తం తిరగబడింది. ముందు వరసలో తెల్ల గుడ్డ పరిచిన ప్రముఖుల సోఫాలు ఆఖరి వరస అయిపోయాయి. ఎప్పుడూ వెనక నిలబడే గ్యారేజీ కుర్రాళ్ళు, పనివాళ్ళు, గరిటెలు పట్టుకున్న ఆడవాళ్ళు ముందుకొచ్చారు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. నేనైతే అసలు ఇవ్వలేదు.

పిల్లలు చెప్పులు విప్పి ఆడారు. బాగా ఆడారు. మూడూ పదికి గురువు బృందం దిగింది.

ఆ ఆటని వర్ణించడం నా వల్ల అయ్యే పని కాదు, కొంచెం చెప్తాను. ముందు నెమ్మదిగా రెండు వరసలు ఎదురెదురుగా నడిచాయి. చెక్కలు ఒకటే మోగాయి. తర్వాత వరసలు ఒకదానిలోంచి ఒకటి దూరి, వలయమై, వలయంలో వలయమై, ఒక్క భుజమూ తగలకుండా విడిపోయాయి. ఆ నేల వాళ్ళ పాదాలకి బదులు పలికింది. ప్లైవుడ్ మీద ఆ శబ్దం రాదు. అడుగు వేగం రెట్టింపైంది, మళ్ళీ రెట్టింపైంది. గురువు మధ్యలోంచి బయటికొచ్చి, మోకాళ్ళు ఛాతీకి తగిలేలా ఎగిరి, గాలిలోనే చెక్క కొట్టి, తాళానికి సరిగ్గా దిగాడు. పాటలో దేవుడు ఉన్నాడో లేడో నాకు వినబడలేదు. పొద్దున తన చేత్తో కొట్టుకున్న నేల మీద మనిషి ఎలా నిలబడతాడో కనబడింది.

ఆయన భార్య పులుసు గరిటె చేత్తో పట్టుకునే ముందుకొచ్చి నిలబడింది. కదల్లేదు. గరిటె నుంచి పులుసు కారి చీర మీద పడుతోంది, చూసుకోలేదు. ఆట ఆగింది. మైదానం అరుపులతో మోగింది. గురువు రొప్పుతూ నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.

ఆమె ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. "ఇంత ఎగిరేటోనివి, రోజూ ఫోన్లో మోకాళ్ళ నొప్పులంటావే?"

"నొప్పులే మేయ్. ఇప్పుడు ఉండాయి చూడు."

"ఉండనీ." చీర కొంగుతో ఆయన ముఖం తుడిచింది, అందరి ముందే. తర్వాత నా వైపు తిరిగింది. "టయిమెంత అన్నా?"

మూడూ ఇరవై అయిదు. గిన్నెకి అడుగంటిన సంగటి గీకి, నీళ్ళు పోసి కడిగారు. కార్యదర్శి తన కారు తీసుకొచ్చి దగ్గరగా ఆపాడు. వంగి గిన్నె ఒక చెవి పట్టుకున్నాడు. రెండో చెవి గురువు పట్టుకున్నాడు. ఇద్దరూ ఎత్తి కారులో పెట్టారు. నాలుగుకి రెండు నిమిషాల ముందు సల్వా చేరానని ఆమె ఫోన్ చేసింది.

ఆరింటికి ముఖ్య అతిథి వచ్చాడు. గేటు దగ్గర ఎవరూ వాయించలేదు. ఆయన వచ్చి ఆఖరి వరస సోఫాలో కూర్చుని, అందరూ ఆ నేల వైపే ఎందుకు చూస్తున్నారని అడిగాడట.

గురువు ఆ నెలాఖరుకి ఊరికి వెళ్ళిపోయాడు. రెండు నెలల్లో నేనూ వచ్చేశాను. వచ్చే ముందు రాసిన చివరి భద్రతా కాగితం కొత్త సూపర్‌వైజరుకి నమూనాగా ఇచ్చాను. అందులో చెయ్యరాదు అన్న ప్రతి వాక్యం కింద, ఏం చేస్తే చెయ్యొచ్చో ఇంకో వాక్యం ఉంది.

నా చదువు మీద నాకిప్పటికీ నమ్మకం ఉంది. వేదిక ఊగుతుందన్నది నిజం. ఆ నిజాన్ని ఎవరో ఒకరిని దింపడానికి చీపురులా వాడుకుంటుంటే తలూపినవాణ్ణి నేను. నిజం చెప్పి సగంలో ఆగడం మూఢనమ్మకం కన్నా గొప్పదేమీ కాదు. వాదించేటప్పుడు నాకిది ఎవరూ నేర్పలేదు.

మీరు కమిటీలో ఉన్నారు కదా. వచ్చే సమావేశంలో కాగితం చేతికివ్వగానే తలూపకండి, రెండో పేజీ తిప్పండి. వడ్డించేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీకేం ఆట వచ్చని అడగండి, ఎన్ని గంటలకి ఇంటికి పోవాలని అడగండి. ఆ వేళకే కార్యక్రమం పెట్టండి. వేదిక మీద చోటు లేదని ఎవరైనా అన్నారా, వాదించకండి. లేచి మీ కుర్చీ తిప్పండి.